బోటులో ఉప్పునీళ్ల ఇన్‌టేక్, డీజిల్ ఫిల్టర్ లైను ఎలా ప్లాన్ చేసుకోవాలి?

బోటు డీజిల్ ఇంజిన్‌కి బయటినుంచి కావాల్సినవి మూడు, గాలి, డీజిల్, చల్లబరచడానికి సముద్రపు నీళ్లు. గాలి మామూలుగా ఇబ్బంది పెట్టదు. మిగతా రెండూ మాత్రం సముద్రం ప్రశాంతంగా ఉన్నన్నాళ్లు బానే ఉండి, కెరటాలు లేచిన రోజే మొండికేస్తాయి. దానికి కారణం ఉంది, బోటు ఊగినప్పుడు ట్యాంకు అడుగున ఏళ్లతరబడి పేరుకున్న మడ్డి అంతా లేచి డీజిల్లో కలుస్తుంది, అదే టైంలో కింద నాచు, ప్లాస్టిక్ కవర్లు, బురద కూడా కదిలి ఇన్‌టేక్ (నీళ్లు లోపలికి పీల్చే రంధ్రం) దగ్గరికి వస్తాయి. అందుకే ఈ రెండు లైన్లూ ప్లాన్ చేసేటప్పుడు ప్రతి పార్టు దగ్గరా నేను అడిగేది ఒక్కటే: చీకట్లో, బోటు ఊగుతుండగా, ఒక చేత్తో పట్టుకుని నిలబడి రెండో చేత్తో దీన్ని మూయగలమా, విప్పగలమా? లేదు అనిపిస్తే ఆ పార్టు ఎంత ఖరీదైనదైనా దాని చోటు తప్పు.

ముందు కాగితం మీద గియ్యండి

సామాను కొనకముందే రెండు లైన్లూ పెన్సిల్‌తో గీసుకోండి. నీళ్ల లైను ఇలా వస్తుంది: హల్‌కి (బోటు ఒంటికి) ఉన్న రంధ్రం, సీకాక్ అంటే దాన్ని మూసే వాల్వు, స్ట్రైనర్ అంటే చెత్త ఆపే జల్లెడ బుట్ట, ఇంజిన్ మీదుండే రా వాటర్ పంపు అంటే సముద్రపు నీళ్లు లాగేది, హీట్ ఎక్స్‌ఛేంజర్ అంటే ఇంజిన్ వేడిని ఆ నీళ్లకి ఇచ్చేది, వెంటెడ్ లూప్ అంటే సైఫన్ ఆపే వంపు (అవసరమైతే), ఎగ్జాస్ట్ ఎల్బో అంటే పొగలో నీళ్లు కలిసే వంపు పైపు, అక్కణ్ణుంచి పొగతో కలిసి బయటికి. డీజిల్ లైనేమో ట్యాంకు, వాల్వు, ప్రైమరీ ఫిల్టర్ అంటే నీళ్లు వేరుచేసేది, లిఫ్ట్ పంపు అంటే ట్యాంకు నుంచి డీజిల్ లాగేది, ఇంజిన్ మీద సెకండరీ ఫిల్టర్, ఇంజెక్షన్ పంపు, ఇంజెక్టర్లు, మిగిలిన డీజిల్ మళ్లీ ట్యాంకులోకి.

తర్వాత ఇంజిన్ మాన్యువల్ తీసి ఈ అంకెలు రాసుకోండి: ఫుల్ ఆర్‌పీఎంలో రా వాటర్ పంపు నిమిషానికి ఎన్ని లీటర్లు లాగుతుంది, సక్షన్ (పీల్చే వైపు) హోస్ సైజు ఎంత, పంపు ఎంత ఎత్తుకి నీళ్లు లాగగలదు, గంటకి మొత్తం ఎంత డీజిల్ లాగుతుంది (కాల్చేది ఒక్కటే కాదు, రిటర్న్‌తో కలిపి), సక్షన్ సైడు ఎంత వ్యాక్యూమ్ వరకు తట్టుకుంటుంది. ఇవి లేకుండా షాపులో ఎవరో చెప్పిన సైజు తెచ్చుకుంటే ఆ తర్వాత చేసేదంతా అంచనా మీదే నడుస్తుంది.

ఇంకోటి, లోపలి నుంచి వాటర్‌లైన్ ఎక్కడుందో ఖచ్చితంగా తెలియాలి. దీనికి మంచి కిటుకు ఉంది. మేస్త్రీలు గోడ లెవెల్ చూడ్డానికి నీళ్ల ట్యూబు వాడతారు కదా, అదే సూత్రం. బోటులో ఇప్పటికే ఉన్న ఏదో ఒక సీకాక్‌కి పారదర్శకమైన ట్యూబు గట్టిగా బిగించి, రెండో కొస పైకి ఎత్తి పట్టుకుని మెల్లగా వాల్వు తెరవండి, ట్యూబులో నీళ్లు ఎక్కడ ఆగాయో అదే బయటి నీటిమట్టం. మార్కర్‌తో గీత పెట్టి వాల్వు మూసేయండి. ట్యాంకులు నిండుగా, సామాను అంతా ఎక్కించి ఉన్నప్పుడు చూడాలి, ఖాళీ బోటులో చూస్తే గీత తప్పు చోట పడుతుంది.

రంధ్రం ఎక్కడ పెట్టాలి

బోటు పక్కకి ఒరిగినా, ముక్కు పైకి లేచినా ఆ చోటు నీళ్లలోనే మునిగి ఉండాలి. అలాగని మరీ అడుగున పెడితే లోతు తక్కువున్న చోట బురద పీలుస్తుంది. కీల్ (బోటు అడుగున మధ్యలో ఉండే వెన్ను) వెనక, ప్రొపెల్లర్ దగ్గర నీళ్లు సుళ్లు తిరుగుతూ గాలి బుడగలతో ఉంటాయి కాబట్టి అక్కడా వద్దు. టాయిలెట్ నీళ్లు బయటికి పోయే రంధ్రానికి వెనకవైపు ఇన్‌టేక్ అస్సలు పెట్టకూడదు, బోటు ముందుకెళ్తుంటే అవే నీళ్లు లోపలికి వస్తాయి. డెప్త్ సౌండర్ (లోతు కొలిచే పరికరం) ఉంటే దానికి ముందు కూడా పెట్టకండి, ఇన్‌టేక్ లేపే సుళ్ల వల్ల దాని రీడింగ్ పాడవుతుంది.

బయట వైపు జల్లెడ పెట్టుకునే వాళ్లు ఒకటి చూసుకోవాలి. ముందుకి నోరు తెరిచి ఉండే స్కూప్ రకం, వేగంగా వెళ్లే పవర్ బోటుకి బావుంటుంది, తెరచాప బోటుకి మాత్రం ప్రమాదం. ఇంజిన్ ఆపి తెరచాప మీద వేగంగా పోతున్నప్పుడు ఆ స్కూప్ నీళ్లని బలంగా లోపలికి తోస్తుంది, పంపుని దాటుకుని మెల్లమెల్లగా మఫ్లర్ నింపేసి చివరికి సిలిండర్‌లోకి చేరతాయి. బోటుని ఎవరైనా లాక్కెళ్తున్నప్పుడు కూడా ఇదే జరగొచ్చు. ఇంకా, బయటి జల్లెడ విప్పడానికి వీల్లేకుండా ఉంటే దాని వెనక గుల్లలు పెరిగి, డైవర్ కిందికి వెళ్లినా గీకడానికి పనిముట్టు దూరదు. మడత బందు ఉన్నదో, మరమేకులు విప్పితే వచ్చేదో తీసుకోండి.

ఫైబర్ హల్ అయితే రంధ్రం వేసే చోట మధ్యలో బాల్సా చెక్కో ఫోమో ఉందేమో ముందే తెలుసుకోండి. ఉంటే రంధ్రం చుట్టూ ఆ మెత్తటి పొర తీసేసి, ఎపాక్సీతో గట్టిగా నింపాకే ఫిట్టింగ్ బిగించాలి, లేకపోతే ఓ చుక్క నీరు దూరినా లోపల లోపలే కుళ్లిపోతుంది. స్టీల్ హల్ అయితే పైపు ముక్క వెల్డ్ చేసి దాని మీద వాల్వు పెడతారు. అల్యూమినియం హల్‌కి కంచు ఫిట్టింగ్ నేరుగా తగలకూడదు, ఉప్పునీళ్లలో ఆ రెండూ కలిస్తే అల్యూమినియం తుప్పు పట్టి తరిగిపోతుంది.

సీకాక్ దగ్గర పొదుపు చెయ్యొద్దు

ఎందుకో ఒక లెక్క చూద్దాం. వాటర్‌లైన్‌కి 60 సెం.మీ. కింద 25 మి.మీ. రంధ్రం ఉందనుకోండి, దాని హోస్ ఊడిపోతే నిమిషానికి సుమారు 60 నుంచి 100 లీటర్ల నీళ్లు లోపలికి వస్తాయి. చిన్న బిల్జ్ పంపు (బోటు అడుగున చేరిన నీళ్లు తోడేది) డబ్బా మీద రాసిన అంకె చూసి ధైర్యపడకండి, హోస్ పొడవు, పైకి ఎత్తే ఎత్తు కలిసేసరికి అది తోడేది చాలా తగ్గిపోతుంది. అంటే ఆ సీకాక్ హ్యాండిల్ తిప్పితే మూసుకోవాలి, దాని దగ్గరికి నిమిషంలోపు చెయ్యి చేరాలి.

చాలా బోట్లలో నేను చూసేది ఏంటంటే త్రూ-హల్ ఫిట్టింగ్ (హల్ రంధ్రంలో బిగించే మరల గొట్టం) మీద మామూలు ప్లంబింగ్ బాల్ వాల్వు తిప్పేసి ఉంటుంది. చూడ్డానికి బానే ఉంటుంది కానీ త్రూ-హల్ మరలు నిటారుగా ఉంటాయి, బాల్ వాల్వు మరలు చాలావాటికి కోసుగా ఉంటాయి, అందుకని రెండు మూడు చుట్లు మాత్రమే పట్టుకుని బిగుసుకుపోయినట్టు అనిపిస్తుంది. మొత్తం బరువు ఆ రెండు చుట్ల మీదే. దాని బదులు అడుగున వెడల్పాటి చక్రం లాంటి ఫ్లాంజ్ ఉండి, హల్‌కి బోల్టులతో బిగించే అసలు సీకాక్ తీసుకోండి. అమెరికన్ బోట్ అండ్ యాట్ కౌన్సిల్ వాళ్ల హెచ్-27 ప్రమాణం ప్రకారం బిగించిన సీకాక్ లోపలి కొస మీద 500 పౌండ్లు, అంటే దాదాపు 227 కిలోల బరువు 30 సెకన్లు వేసినా చెక్కుచెదరకూడదు. ఇంజిన్ రూములో పనిచేస్తూ మనిషి కాలు జారి దాని మీద పడితే విరగకూడదు అనే లెక్క అది. ఫ్లాంజ్ కింద గట్టి ఫైబర్ గ్లాస్ దిమ్మ పెట్టండి, మామూలు ప్లైవుడ్ తడిసి మెత్తబడుతుంది.

లోహం సంగతి ఇంకా ముఖ్యం. మామూలు ఇత్తడిలో జింక్ చాలా ఉంటుంది, ఉప్పునీళ్లు ఆ జింక్‌ని లాగేస్తే మిగిలేది బొరియలు పడ్డ రాగి. ఒకసారి నేను ఒక పాత హోస్ టెయిల్ (హోస్ తొడిగే గొట్టం ముక్క) మీద కత్తి మొనతో గీకి చూశా, పైన పచ్చగా చిలుము పట్టి మామూలుగానే ఉంది, గీకినచోట మాత్రం పసుపు బదులు గులాబీ రంగు వచ్చింది, ఇంకాస్త గట్టిగా నొక్కితే సుద్దముక్కలాగా అంచు రాలిపోయింది. హోస్ మాత్రం దానికి రెండు క్లిప్పులతో చక్కగా బిగించి ఉంది! కాబట్టి వాటర్‌లైన్ కింద కంచు, లేదా జింక్ పోకుండా తయారుచేసిన డీజెడ్‌ఆర్ ఇత్తడి, లేదా మారెలాన్ అనే గ్లాస్ నింపిన నైలాన్. ఒకే రంధ్రం దగ్గర ఇవి కలపకుండా సీకాక్, హోస్ టెయిల్, ఎల్బో అన్నీ ఒకే పదార్థంలో తీసుకుంటే తలనొప్పి తగ్గుతుంది. స్టెయిన్‌లెస్ స్టీల్ నీళ్ల కింద గాలి తగలని సందుల్లో లోలోపల తుప్పు పట్టి పోతుంది కాబట్టి అక్కడ నేను వాడను.

ప్రతి సీకాక్ పక్కనే దాని సైజుకి సరిపోయే మెత్తటి చెక్క బిరడా ఒకటి తాడుతో కట్టి ఉంచండి. నెలకోసారి హ్యాండిల్ అటూ ఇటూ తిప్పండి, ఏడాదంతా తెరిచే ఉంచిన వాల్వు అవసరమైన రోజు కదలదు.

హోస్ సైజు, స్ట్రైనర్

సక్షన్ హోస్‌లో నీళ్ల వేగం సెకనుకి 1.5 మీటర్లు దాటకుండా చూసుకుంటే మంచిది, 2 దాటితే పంపు కష్టపడుతుంది. ఉదాహరణకి నిమిషానికి 40 లీటర్లు లాగే పంపుకి 19 మి.మీ. హోస్ పెడితే వేగం 2.3 మీటర్ల పైన ఉంటుంది, 25 మి.మీ. పెడితే 1.4 దగ్గర, 32 పెడితే 0.8. అంటే 25 సరిపోతుంది, హోస్ పొడవుగా వెళ్లాల్సి వస్తే 32 కి వెళ్లండి. పెద్దది పెడితే నష్టమేం లేదు, ఇంజిన్ మాన్యువల్లో చెప్పిన దానికంటే చిన్నది మాత్రం ఎప్పుడూ వద్దు. హోస్ లోపల తీగ చుట్టి ఉన్న మెరైన్ రకమే వాడాలి, లేకపోతే పంపు పీల్పుకి మధ్యలో చప్పబడి నీళ్లు ఆగిపోతాయి, బయటినుంచి చూస్తే మాత్రం ఏమీ కనబడదు. వాటర్‌లైన్ కింద ఉన్న ప్రతి కొసకి 316 స్టెయిన్‌లెస్ క్లిప్పులు రెండు. అయితే హోస్ టెయిల్ పొడవు రెండు క్లిప్పులకి సరిపోతేనే, పొట్టిదాని మీద రెండు బిగిస్తే రెండోది గాల్లో ఉండి హోస్‌ని కోసేస్తుంది.

స్ట్రైనర్ మూత వాటర్‌లైన్‌కి కాస్త పైన ఉండేలా పెట్టండి. అలా ఉంటే ఒకవేళ సీకాక్ సరిగ్గా మూసుకోకపోయినా మూత తీసినప్పుడు నీళ్లు పొంగి బయటికి రావు. మరీ ఎత్తులో పెడితే ఇంజిన్ ఆపినప్పుడు నీళ్లు వెనక్కి జారిపోయి పంపు పొడిగా స్టార్ట్ అవుతుంది, అందుకని కొంచెం పైన చాలు. వీలైతే సీకాక్ నుంచి స్ట్రైనర్ దాకా పైపు నిటారుగా ఉండేలా చూడండి, అడ్డం పడింది ఏదైనా ఉంటే మూత తీసి పైనుంచి కర్రతో పొడిచి కిందికి తోసెయ్యొచ్చు, నీళ్లలోకి దిగాల్సిన పని తప్పుతుంది. బుట్ట చిల్లుల మొత్తం వైశాల్యం హోస్ కన్నా కనీసం నాలుగు రెట్లు ఉండేలా నేను చూసుకుంటా, సగం నాచు పట్టినా ఇంటికి చేరొచ్చు.

స్ట్రైనర్‌కి ఇంకో జబ్బు ఉంది, గాలి పీల్చడం. ఇంజిన్ నెమ్మదిగా నడుస్తుంటే టెంపరేచర్ బానే ఉంటుంది, ఆర్‌పీఎం పెంచగానే వేడెక్కిపోతుంది, జనం వెంటనే హీట్ ఎక్స్‌ఛేంజర్ విప్పేస్తారు. ముందు స్ట్రైనర్ గ్లాసులోకి టార్చ్ వేసి చూడండి, బుడగలు సన్నగా తాడులాగా వస్తున్నాయా, నీటిమట్టం సగానికి దిగిందా అని. ఒక బోటులో ఇదే కనబడి మూత విప్పితే, గ్యాస్కెట్ కింద వెంట్రుకంత సన్నని నాచు పీచు ఒకటి అడ్డంగా ఇరుక్కుని ఉంది, అంతే. వేలితో తుడిచి, గ్యాస్కెట్‌కి కొంచెం సిలికాన్ గ్రీజు రాసి మూత పెట్టగానే బుడగలు ఆగిపోయాయి. అప్పటినుంచి మూత పెట్టే ప్రతిసారీ గాడి చుట్టూ వేలు తిప్పి చూస్తా.

పంపులో ఉండే రబ్బరు ఇంపెల్లర్‌కి నీళ్లే గ్రీజు, నీళ్లు లేకుండా తిరిగితే నిమిషం రెండు నిమిషాల్లో రెక్కలు కాలి ఊడిపోతాయి. ఊడిన రెక్కల్ని ఎంచి చూడండి, ఎన్ని తక్కువైతే అన్ని ముక్కలు ముందుకెళ్లి హీట్ ఎక్స్‌ఛేంజర్ ముఖం దగ్గర కూర్చుని ఉంటాయి, వాటిని తియ్యకుండా కొత్త ఇంపెల్లర్ వేస్తే ఇంజిన్ మళ్లీ వేడెక్కుతుంది. ప్లాన్‌లో గుర్తుపెట్టుకోవాల్సింది, పంపు మూత ముందు పానా తిరిగేంత ఖాళీ వదలాలి. ఎగ్జాస్ట్ హోస్ మీద టెంపరేచర్ అలారం ఒకటి పెట్టుకోండి. నీళ్లు ఆగిపోతే ఇంజిన్ గేజీ కదిలేలోపే అది అరుస్తుంది.

వెంటెడ్ లూప్

ఎగ్జాస్ట్ ఎల్బోలో నీళ్లు కలిసే చోటు వాటర్‌లైన్ కిందున్నా, పైన 15 సెం.మీ. లోపే ఉన్నా ఇది తప్పనిసరి. లేకపోతే ఇంజిన్ ఆపాక నీళ్లు సైఫన్ లాగా వాటంతట అవే వచ్చి మఫ్లర్ నింపి సిలిండర్‌లోకి వెళ్తాయి, తెల్లారి సెల్ఫ్ కొడితే ఇంజిన్ తిరగదు. హీట్ ఎక్స్‌ఛేంజర్‌కీ ఎల్బోకీ మధ్య హోస్‌ని పైకి తీసుకెళ్లి, బోటు ఎంత ఒరిగినా వాటర్‌లైన్‌కి 30 సెం.మీ. పైనే ఉండేలా వంపు తిప్పి కిందికి దించాలి, పైన గాలి పీల్చే చిన్న వాల్వు ఉంటుంది. బోటు ఒరిగినా ఆ ఎత్తు తగ్గకూడదు కాబట్టే ఈ వంపుని బోటు మధ్య గీతకి దగ్గరగా పెడతారు. ఆ వాల్వులో ఉప్పు గడ్డకట్టి మూసుకుపోతుంది, ఏడాదికోసారైనా విప్పి మంచినీళ్లతో కడగాలి.

దీనికి చుట్టం లాంటిదే ఇంకో తప్పు. ఇంజిన్ స్టార్ట్ అవ్వట్లేదని అదే పనిగా సెల్ఫ్ కొడుతుంటే పంపు నీళ్లు తోస్తూనే ఉంటుంది, వాటిని బయటికి ఊదడానికి పొగ ఉండదు, మఫ్లర్ నిండుతుంది. ఎక్కువసేపు కొట్టాల్సి వస్తే సీకాక్ మూసి కొట్టండి, ఇంజిన్ అందుకోగానే వెంటనే తెరవండి. సీకాక్ చేతికి అందేచోట ఉండాలి అనడానికి ఇది ఇంకో కారణం.

ఇక డీజిల్: ట్యాంకు నుంచే మొదలు

ఫిల్టర్ల గురించి అందరూ మాట్లాడతారు, ట్యాంకు లోపల ఎవరూ చూడరు. డీజిల్ సాంద్రత నీళ్లలో సుమారు 0.84 వంతు, కాబట్టి నీళ్లు ఎప్పుడూ అడుక్కి చేరతాయి, ఆ నీళ్లూ డీజిలూ కలిసే గీత దగ్గరే బ్యాక్టీరియా, బూజు పెరుగుతాయి, ఫిల్టర్‌లో జిగురుగా నల్లగా కనబడే మడ్డి చాలావరకు అదే. అందుకని ట్యాంకు అడుగు ఒకవైపుకి వాలుగా ఉండి, ఆ మూల చిన్న గుంట, దానికి నీళ్లు తీసే ఏర్పాటు ఉంటే సగం పోరాటం తీరినట్టే. పైన చెయ్యి పూర్తిగా దూరే మూత ఉండాలి, మధ్యలో అడ్డుపలకలు ఉంటే ప్రతి గదికీ ఒకటి. డీజిల్ పీల్చే పైపు కొసకి జల్లెడ ఉంటే తీసేయించండి, అది మూసుకుపోతే బయటినుంచి ఏమీ చెయ్యలేం, మడ్డి మన చేతికి అందే ఫిల్టర్ దాకా రావడమే నయం. గాల్వనైజ్డ్ ట్యాంకు, ఫిట్టింగులు డీజిల్‌కి వద్దు, జింక్‌తో డీజిల్ చర్య జరిపి సబ్బు లాంటి పదార్థం తయారవుతుంది.

నీళ్లు ఎక్కడినుంచి వస్తాయంటే గాలిలో తేమ అని చాలామంది చెప్తారు. నా అనుభవంలో ఎక్కువ తప్పు డెక్ మీద డీజిల్ పోసే మూత ఓ-రింగుది, ఎండకి పగిలిపోయి ఉంటుంది, వాన పడినప్పుడల్లా చుక్కచుక్క దిగుతుంది. తర్వాత వెంట్ పైపు, బోటు ఒరిగినప్పుడు దాని నోరు మునిగితే సముద్రపు నీళ్లే లోపలికి. దాన్ని ఎత్తులో పెట్టి, హంస మెడలాగా వంచండి.

రెండు ట్యాంకులు ఉంటే రిటర్న్ సంగతి మర్చిపోవద్దు. కుడి ట్యాంకు నుంచి లాగి ఎడమ ట్యాంకులోకి రిటర్న్ పంపితే ఎడమది నిండిపోయి వెంట్ నుంచి డీజిల్ సముద్రంలోకి పోతుంది. లాగే వాల్వూ రిటర్న్ వాల్వూ కలిసి తిరిగేలా పెట్టడం మంచిది.

ప్రైమరీ ఫిల్టర్: సైజు, మైక్రాన్, చోటు

తప్పు ఎక్కువ జరిగేది సైజు దగ్గర. గంటకి 10 లీటర్లు కాల్చే ఇంజిన్ 40, 50 లీటర్లు లాగి మిగతాది వెనక్కి పంపేది కావచ్చు, ఫిల్టర్‌లోంచి పోయేది ఆ మొత్తం. కాబట్టి లాగే లెక్కకి సరిపోయి పైన ఇంకా మిగిలేంత పెద్దది తీసుకోండి. రాకార్ అనే కంపెనీ టర్బైన్ రకాల్లో 500 మోడల్ గంటకి 227 లీటర్ల వరకు, 1000 మోడల్ 681 లీటర్ల వరకు అని రేటింగ్ ఉంటుంది, చిన్న ఇంజిన్లకి 500 చాలు.

మైక్రాన్ (ఎంత సన్నని చెత్త ఆపుతుందో చెప్పే అంకె) విషయంలో నా అభిప్రాయం ప్రైమరీకి 10 లేదా 30, సెకండరీకి ఇంజిన్ కంపెనీ చెప్పినది (మామూలుగా 2 నుంచి 5). మనిషి వెంట్రుక దాదాపు 70 మైక్రాన్లు ఉంటుంది, దాంతో పోల్చుకోండి. సక్షన్ సైడు 2 మైక్రాన్ పెడితే ఇంకా శుభ్రం కదా అనేవాళ్లున్నారు, కానీ అది త్వరగా మూసుకుపోతుంది, మెత్తటి పని సెకండరీకి వదిలి ప్రైమరీతో నీళ్లు, పెద్ద చెత్త ఆపించుకోవడం మేలు. రాకార్ ఎలిమెంట్లకి (ఫిల్టర్ లోపల మార్చే వడపోత ముక్కలకి) రంగులు ఉంటాయి, 2 కి గోధుమరంగు, 10 కి నీలం, 30 కి ఎరుపు, విడి పార్టులు కొనేటప్పుడు రంగు చూసి తెచ్చుకోవచ్చు. కామన్ రైల్ ఇంజిన్ అయితే మాన్యువల్ మాటే ఆఖరి మాట, 2000 బార్ దాకా ప్రెజర్‌లో పనిచేసే ఇంజెక్టర్ కొంచెం మట్టిని కూడా క్షమించదు.

ప్రైమరీ ఎప్పుడూ లిఫ్ట్ పంపుకి ముందే ఉండాలి. పంపు దాటాక నీళ్లు సన్నని తుంపరలుగా డీజిల్లో కలిసిపోతాయి, అప్పుడు వేరుచెయ్యడం కష్టం, ముందే అయితే పెద్ద బొట్లుగా ఉండి గ్లాసు అడుక్కి జారతాయి. గ్లాసు కింద ట్యాప్ ఉంటుంది, దాని కింద ఒక సీసా పట్టేంత ఖాళీ వదలండి, పైన ఎలిమెంట్ లాగడానికి ఇంకో జానెడు. ఇంజిన్ రూములో పెడితే గ్లాసు కింద లోహపు కవచం ఉన్న మెరైన్ మోడలే కావాలి, మంట వస్తే 2.5 నిమిషాలు తట్టుకునేలా వాటిని పరీక్షిస్తారు. హోస్ కూడా మంట తట్టుకునే ఐఎస్ఓ 7840 ముద్ర ఉన్నదో, ఏ1 రకమో. లారీ షాపులో దొరికే రబ్బరు ట్యూబు ఇక్కడ పనికిరాదు.

డబ్బుంటే ఒకటి కాదు, రెండు ఫిల్టర్లు పక్కపక్కన, మధ్యలో మార్చుకునే వాల్వు. ఒకటి మూసుకుపోతే ఇంజిన్ ఆగకుండానే హ్యాండిల్ తిప్పి రెండోదాని మీదకి వెళ్లిపోవచ్చు. మార్చిన ఎలిమెంట్ గ్లాసుని డీజిల్‌తో నిండుగా నింపాకే మళ్లీ లైన్లో కలపాలి, లేకపోతే ఆ గాలి అంతా ఇంజిన్‌కి వెళ్తుంది.

రెండో ఫిల్టర్ కంటే ముందు డబ్బు పెట్టాల్సింది మాత్రం వ్యాక్యూమ్ గేజీ (పంపు ఎంత గట్టిగా పీల్చాల్సి వస్తోందో చూపేది), ఫిల్టర్‌కీ లిఫ్ట్ పంపుకీ మధ్యలో. కొత్త ఎలిమెంట్ వేసి ఫుల్ ఆర్‌పీఎంలో లోడు మీద ఎంత చూపిస్తుందో పక్కనే రాసిపెట్టండి, మామూలుగా ఒకటి రెండు అంగుళాల పాదరసం ఉంటుంది. 6, 7 అంగుళాలకి వచ్చేసరికి మార్చేయండి, మీ మాన్యువల్ తక్కువ చెప్తే అదే పాటించండి. ఐడిల్‌లో చూసి బానే ఉంది అనుకోవద్దు, లోడు మీదే నిజం బయటపడుతుంది.

ఎయిర్ పట్టడం

సక్షన్ సైడు లీకుకి ఒక మాయ గుణం ఉంది, అక్కడ డీజిల్ బయటికి కారదు, గాలే లోపలికి వస్తుంది. అందుకని పైపంతా పొడిగా శుభ్రంగా ఉన్నా ఇంజిన్ దగ్గుతూ ఆగిపోతుంది. అనుమానం వస్తే కొద్దిసేపటికి మాత్రం పారదర్శకమైన ట్యూబు ముక్క మధ్యలో పెట్టి బుడగలు చూడండి, చూశాక తీసేసి అసలు హోస్ బిగించండి. జాయింట్లు ఎంత తక్కువుంటే అంత మంచిది, ప్రతి విప్పుకీ కొత్త రాగి వాషరు, కొత్త ఓ-రింగు. ట్యాంకు ఫిల్టర్ కన్నా కిందుంటే చిన్న ఎలక్ట్రిక్ పంపో, చేత్తో నొక్కే బల్బో పెట్టుకుంటే ఎయిర్ తియ్యడం చాలా తేలికవుతుంది. ఎయిర్ తీసే స్క్రూలు ఎక్కడున్నాయో, ఏ నంబరు పానా పడుతుందో రాసుకుని, ఒడ్డున ఉన్నప్పుడే రెండుసార్లు ప్రాక్టీస్ చెయ్యండి. సెకండరీ ఫిల్టర్‌ని చేత్తో డీజిల్ పోసి నింపి బిగించే అలవాటుంటే కామన్ రైల్ ఇంజిన్లలో మానుకోండి, పోసిన ఆ డీజిల్ వడకట్టకుండానే ఇంజెక్టర్‌కి వెళ్తుంది.

పాలిషింగ్ సిస్టం అని వేరే పంపుతో ట్యాంకులో డీజిల్‌ని తిప్పితిప్పి వడకట్టేది కూడా పెడతారు. నెలలతరబడి కదలని బోటుకి ఉపయోగమే. కానీ అది గోడలకి అంటుకున్న మడ్డిని ఊడదీయదు, కాబట్టి డబ్బు ఒక్కదానికే ఉంటే ముందు ట్యాంకుకి మూత పెట్టించి లోపల చేత్తో తుడిపించండి. బూజు చంపే మందు పోస్తే చచ్చింది కూడా ఫిల్టర్‌కే వస్తుంది, కాబట్టి పోసే ముందే మూడు నాలుగు ఎలిమెంట్లు దగ్గర పెట్టుకోండి.

నీళ్లలో దించాక

మొదట ఇంజిన్ వెయ్యకుండానే సీకాక్ తెరిచి, చేత్తో గుడ్డపీలిక తీసుకుని ప్రతి జాయింటు చుట్టూ తుడుచుకుంటూ తడి ఉందేమో చూడండి. అరగంట ఆగి మళ్లీ చూడండి. తర్వాత ఇంజిన్ వేసి, ఎగ్జాస్ట్ కింద బాల్చీ పట్టి 30 సెకన్లలో ఎన్ని లీటర్లు వచ్చాయో కొలవండి, రెట్టింపు చేస్తే నిమిషానికి లెక్క. ఇప్పుడు అంతా కొత్తగా శుభ్రంగా ఉంది కాబట్టి ఈ అంకె బంగారం లాంటిది, ఏ ఆర్‌పీఎంలో కొలిచారో దాంతో సహా రాసుకోండి, ఏడాది తర్వాత అదే ఆర్‌పీఎంలో తగ్గితే ఎక్కడో పేరుకుందని తెలుస్తుంది. ఆ తర్వాత బయటికెళ్లి ఫుల్ ఆర్‌పీఎంలో ఓ అరగంట నడిపి ఎగ్జాస్ట్ టెంపరేచర్, వ్యాక్యూమ్ గేజీ రెండూ రాయండి. ఒడ్డుకి వచ్చాక లైట్లు ఆపేసి, టార్చ్ ఒక్కటే పెట్టుకుని సీకాక్ మూసి స్ట్రైనర్ బుట్ట తీసి పెట్టండి, ఫిల్టర్ మార్చే హ్యాండిల్ తిప్పండి. ఏ పానా వెతకాల్సొచ్చిందో ఆ పానా అక్కడే వేలాడదీయండి.

కొత్త ట్యాంకు అయితే మొదటి 50 గంటలు ఫిల్టర్ గ్లాసు ప్రతిరోజూ చూడాలి, వెల్డింగ్ తుక్కు, రంపపు పొడి, సీలెంట్ ముక్కలు అన్నీ అప్పుడే దిగుతాయి. పొద్దున్నే ఇంజిన్ వెయ్యకముందు అడుగు ట్యాప్ తిప్పి ఒక గాజు సీసాలోకి కాస్త డీజిల్ తీసి, పదినిమిషాలు కదపకుండా పెట్టి వెలుతురుకి ఎత్తి చూడండి. అడుగున గుండ్రంగా తెల్లటి బొట్టు కదిలితే నీళ్లు, మధ్యలో నల్లటి పీచులు తేలితే బూజు, మెరిసే రవ్వలుంటే లోహం. సీసాలో పక్కన పెట్టిన డీజిల్ గుండా అవతల ఉన్న అక్షరాలు స్పష్టంగా చదవగలిగేదాకా రోజూ తీస్తూనే ఉండండి.